ఒక్క స్వరం తక్కువేమీ కాదు

విద్యుత్ గిటార్ పట్టుకొని ఒక్కొక్క స్వరమే వాయించే కుర్రవాణ్ణి చూసి పెద్దలు సాధారణంగా రెండు మాటలంటారు. "తీగలు ఆరున్నాయి, వీడు ఒక్కటే మీటుతున్నాడు. ఇంకా విద్య రాలేదు" అన్నది మొదటిది. "అసలు వాయించేది వీడు కాదు, ఆ పక్కనున్న పెట్టె" అన్నది రెండోది. ఈ రెండు మాటలూ సరికావని నా అభిప్రాయం. ఎందుకు కావో భౌతికశాస్త్రమే చెబుతుంది.

ముందు వాద్యం సంగతి చూద్దాం. మామూలు గిటార్‌లో తీగ కంపనాన్ని చెక్క డొల్ల పెద్దది చేస్తుంది. విద్యుత్ గిటార్‌కు డొల్లతో పనిలేదు. ఉక్కు తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగచుట్ట ఉంటాయి. తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం మారి, చుట్టలో స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. ఆ విద్యుత్తును ఆంప్లిఫయర్ పెంచి లౌడ్‌స్పీకర్‌కు పంపుతుంది. మధ్య దారిలో రకరకాల పెట్టెలు పెట్టి దాన్ని మనకు కావలసినట్లు మలచవచ్చు. అప్పుడు గిటార్ వేణువులా పలుకుతుంది, సింథసైజర్‌లా కూడా పలుకుతుంది. తీగ గానీ పీక గానీ లేకుండా కేవలం విద్యుత్ వలయాలతో శబ్దాన్ని పుట్టించే యంత్రమే సింథసైజర్. 1970లో వచ్చిన మినీమూగ్ అనే ప్రసిద్ధ సింథసైజర్ ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. అయినా దాన్ని ఎవరూ తక్కువగా చూడలేదు.

మరి ఇలాంటి పెట్టెలతో వాయించేవారు ఒక్కొక్క స్వరమే ఎందుకు వాయిస్తారు? తిరునాళ్లలో మైకు మరీ గట్టిగా పెడితే గొంతు బొంగురుపోవడం మీరు విన్నారు కదా! ఆంప్లిఫయర్ తన శక్తికి మించి పనిచేసినప్పుడు తరంగ శిఖరాలు కత్తిరించినట్లు చదునైపోతాయి. గిటార్ పెట్టెల్లో చాలావాటిలో కావాలనే ఇలా చేస్తారు. సెకనుకు 240 కంపనాలున్న షడ్జం ఒక్కటే వాయించారనుకోండి. కత్తిరింపు వల్ల 480, 720, 960 వంటి కంపనాలు బలపడతాయి. ఇవన్నీ 240కి గుణిజాలే. కాబట్టి స్వరం చెడదు, చిక్కబడుతుంది.

ఇప్పుడు 240తోపాటు 300 కంపనాల అంతర గాంధారాన్ని కూడా కలిపి వాయించండి. రెండూ ఆ పెట్టెలో కలిసి 60, 180, 360, 540 వంటి కొత్త కంపనాలు పుడతాయి. ఇవి 240కి గుణిజాలు కావు, 300కూ కావు. అందుకే చెవికి గరగరలాడే రొద వినిపిస్తుంది. షడ్జ పంచమాలు, అంటే 240, 360 కలిస్తే ఇంత ఇబ్బంది లేదు. కొత్తగా పుట్టేవన్నీ 120కి గుణిజాలై కలిసిపోతాయి. రాక్ సంగీతంలో ఈ జంట అంతగా వినిపించడానికి ఒక కారణం ఇదే.

ఇంకో రకం పెట్టె తీగ కంపనాన్ని కొలిచి, అదే స్వరాన్ని సింథసైజర్ చేత పలికిస్తుంది. ఒక కంపనం పూర్తికావడానికి పట్టే కాలాన్ని అది లెక్కిస్తుంది. గిటార్‌లో 110 కంపనాల తీగకు ఆ కాలం సుమారు 9 మిల్లీసెకన్లు. ఒకే చుట్ట మీద రెండు తీగలు కలిసి మోగితే తరంగాలు కలగాపులగమై లెక్క తప్పుతుంది. అందుకే 1977లో రోలండ్ సంస్థ తెచ్చిన గిటార్ సింథసైజర్‌లో ఒక్కో తీగ కంపనాన్ని వేరువేరుగా పట్టుకునే ఏర్పాటు చేశారు. అటువంటి ఏర్పాటు లేని సాధారణ పెట్టె ముందు ఒక్కొక్క స్వరమే శుభ్రంగా వాయించడం తెలివైన పని.

ఇక మన సంగతికి వద్దాం. కడప జిల్లా తుమ్మలపల్లె పేరు చెబితే చాలామందికి యురేనియం గని గుర్తుకొస్తుంది. అదే జిల్లాలో పోతులూరి వీరబ్రహ్మంగారి తత్వాలు పాడేవారి పాట వినండి. పెళ్లి ఊరేగింపులో సన్నాయి వినండి. గొంతైనా, సన్నాయైనా ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. మన సంగీతంలో గొప్పతనం ఎన్ని స్వరాలు కలిసి మోగాయన్న దానిలో లేదు. ఒక్క స్వరాన్ని ఎలా ఊపారు, ఎలా జార్చారు, ఎక్కడ నిలిపారు అన్నదానిలో ఉంది.

దీనికి గొప్ప ఉదాహరణ మన తెలుగువాడే. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టారు. 1978లో, తొమ్మిదేళ్ల వయసులో, గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేశారు. ఆయన వాద్యం మాండొలిన్. మామూలు మాండొలిన్‌లో తీగలు జంటలుగా ఉంటాయి. గమకం కోసం షడ్జం నుంచి చతుశ్రుతి రిషభం దాకా లాగాలంటే తీగ బిగువు సుమారు 27 శాతం పెరగాలి. జంట తీగలు రెండింటినీ సరిగ్గా అంతే లాగడం కష్టం. ఒకటి 240, రెండోది 243 అయితే సెకనుకు 3 విస్పందనాలు వినిపించి స్వరం వణుకుతుంది. పైగా మాండొలిన్ నాదం త్వరగా ఆరిపోతుంది. శ్రీనివాస్ జంటలు వదిలి ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్‌ను ఎంచుకున్నారు. ఆంప్లిఫయర్ సాయంతో నాదం నిలిచింది, గమకం పలికింది. పాశ్చాత్య వాద్యం మీద కర్ణాటక సంగీతమేమిటని పెదవి విరిచినవారే తర్వాత మెచ్చుకున్నారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో, 45 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు విని తీగ మీద పలికించేవాడు. "వాయించేది పెట్టె" అనేవారికి ఇంతకంటే జవాబేం కావాలి? పెట్టె శబ్దం రంగు మారుస్తుంది, నాదాన్ని పొడిగిస్తుంది. ఏ స్వరం తర్వాత ఏది రావాలో, ఎంత ఊగాలో దానికి తెలియదు. అంతేకాదు, సాగే నాదంలో తప్పు కూడా సాగుతుంది. శ్రుతి కాస్త తగ్గితే ఊరంతా వింటుంది! కాబట్టి పెట్టె ఉన్నవాడు సాధన మరింత చేయాలి. మీట తిప్పడమే విద్య అనుకునేవాడికి మాత్రం పెద్దల విమర్శ న్యాయంగానే తగులుతుంది.

సంగీతం వేరు, సైన్సు వేరు అని మన బడుల్లో గోడ కట్టడం వల్ల రెండూ నష్టపోతున్నాయి. ఆ గోడ తీసేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. బలమైన చిన్న అయస్కాంతం, దాని చుట్టూ వెయ్యి చుట్లకు పైగా పూత ఉన్న సన్నని రాగి తీగ, చెక్కపలక మీద బిగించిన ఒక ఉక్కు తీగ ఉంటే చాలు. మాస్టారి సమక్షంలో చుట్ట కొసలను బడి మైకు సెట్టులో మైకు పెట్టే చోట కలపండి, అంతే! తర్వాత ఉక్కు తీగ తీసి నైలాన్ తీగ బిగించి మీటండి. తేడా ఎందుకొచ్చిందో మీరే చెప్పగలరు.

తుమ్మలపల్లె బడిలోనైనా ఇది సాధ్యమే. అక్కడ ఒక విద్యార్థి ఆ ఒంటి తీగ మీద ఒక్క స్వరం పలికిస్తే, మిగతా స్వరాలేవని అడగకండి. ఆ స్వరం ఎంత బాగుందో వినండి.