పిరికివాడే అసలు ఎఫెక్టు

సంపాదకులకు,

దెయ్యం సినిమాకి గ్రాఫిక్సే ప్రాణమన్న మీ గత సంచిక వ్యాసంతో ఏకీభవించలేను. 'అరుంధతి' (2009)లో గ్రాఫిక్సుకి కొదవలేదు, నిజమే. కానీ ఇప్పటికీ చెవుల్లో మోగేది సోనూ సూద్‌కి రవిశంకర్ అరువిచ్చిన గొంతే. 'మసూద' (2022) చూడండి. భయం మొదలయ్యేది పాడుబడ్డ బంగళాలో కాదు, మామూలు అపార్ట్‌మెంటులో. ఆ భయం మొదలైన ఇంటి పక్క ఫ్లాటులో ఉండేది తన నీడకే జడిసే గోపి. అంత పిరికివాణ్ణి దెయ్యం ముందుకి పంపడం రచన. వాడి అడుగులు తొందరపెట్టకపోవడం దర్శకత్వం. ఆ సినిమా చూసొచ్చిన రాత్రి వంటింటి లైటు ఆర్పమని మా ఆవిడ నన్ను పంపింది. నేను మా అబ్బాయిని పంపాను. తెల్లారేదాకా లైటు వెలుగుతూనే ఉంది.

— ఒక పాఠకుడు, మోతీనగర్, హైదరాబాద్