ఉగ్గాని బండి, నీళ్ళ బిందె

ఆదోని, ఎమ్మిగనూరులలో పొద్దున్నే ఉగ్గాని, బజ్జి అమ్మే బండ్లకు అసలు వంటగది ఇల్లే. పరిశుభ్రత మాట రాగానే అందరి చూపూ బండి మీదే! బజ్జి మరిగే నూనెలో వేగుతుంది, భయం తక్కువ. బొరుగులను (మరమరాలే లెండి) నీళ్ళలో తడిపి, పిండి, పోపులో కలిపి దించేస్తారు. ఇంటినుంచి బిందెలో తెచ్చిన ఆ నీళ్ళెటువంటివో ఉగ్గానీ అటువంటిదే.

తాగదగిన నీళ్ళే వాడాలని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు అంటున్నాయి. సబబే. అమ్మకాలకు కేటాయించిన చోట కల్పించిన సౌకర్యాల నిర్వహణకు బండివారు రుసుము చెల్లించాలని 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం చెబుతోంది. అదీ సబబే. మరి రుసుముకు ముందు కుళాయి ఉండవద్దా? పురపాలక సంఘం అది వేయించాక కూడా ఒకే బిందెలో ప్లేట్లన్నీ ముంచితే, అప్పుడు నిరభ్యంతరంగా జరిమానా వేయండి.