లింకు నొక్కే ముందు

అమ్మాయి కాలేజీ దరఖాస్తు ఫోనులో నింపుతున్నారనుకోండి. నంద్యాల అడ్రసు, మార్కులు అన్నీ కొట్టాక పక్కన 'నిబంధనలు' అని నీలం అక్షరాలు. ఊరికే నొక్కేయకండి! అది ఉన్న పేజీలోనే తెరుచుకుంటే, వెనక్కి వచ్చేసరికి నింపిందంతా చెరిగిపోవచ్చు. మళ్ళీ మొదటికే. ఆ లింకును వేలితో కాసేపు అదిమిపట్టండి. వచ్చే జాబితాలో 'ఓపెన్ ఇన్ న్యూ ట్యాబ్' ఎంచుకోండి. దరఖాస్తు ఎక్కడిదక్కడే ఉంటుంది. చిన్న గడిలో కనిపించే అంకె నొక్కితే రెండు పేజీలూ వస్తాయి. చదివాక రెండోదాన్ని మూసేయండి. కంప్యూటరయితే కంట్రోల్ మీట పట్టుకుని నొక్కితే చాలు.

ఊసుపోకకు చదివేటప్పుడు ఇంత జాగ్రత్త అక్కర్లేదు. తెలుగు వికీపీడియాలో నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు, అక్కణ్ణుంచి అహోబిలానికి లింకులు పట్టుకుని వెళ్ళండి. వెనక్కి బాణం నొక్కుతూ మళ్ళీ నంద్యాల చేరుకోవచ్చు, బస్సు ఛార్జీ లేకుండా!

వంటలన్నీ కంప్యూటర్లో వర్డ్ ఫైలుగా రాసుకునేవాళ్ళూ ఉన్నారు. అందులో లింకు మామూలుగా కంట్రోల్ పట్టుకుంటేనే తెరుచుకుంటుంది. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి కంట్రోల్ క్లిక్ దగ్గర టిక్కు తీసేస్తే ఒక్క నొక్కుకే తెరుచుకుంటుంది. నన్నడిగితే తీయకండి. ఉప్పు కొలత దిద్దబోతే వేరే పేజీ వచ్చి కూర్చుంటుంది.