సైటు కొనేముందు



మన మిల్లులో రిటైరైన సోదరుడొకరు గ్రాట్యుటీ డబ్బు చేతికందగానే కామసముద్రం వైపు ఒక సైటుకు అడ్వాన్సు ఇచ్చి, ఆ తరువాత కాగితాలు పట్టుకుని సంఘం ఆఫీసుకు వచ్చారు. రేటు తక్కువ, రైల్వే స్టేషను దగ్గర, అందుకే ఇచ్చానన్నారు. కాగితాలలో అది ఇంకా వ్యవసాయ భూమే.

వారిని తప్పుపట్టలేము. కె.జి.ఎఫ్.లో తరతరాలుగా కంపెనీ లైన్లలో కాపురమున్నవారికి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడి పని పోయింది. తలదాచుకున్న ఇల్లు కూడా తమ పేరున లేదు. నాటి నుండి తెల్లవారకముందే బెంగుళూరు రైలెక్కే జనాన్ని చూస్తే ఎవరికైనా సొంత గోడ కావాలనిపిస్తుంది. బ్రోకర్లు అమ్ముకుంటున్నది ఆ ఆశనే.

వారు అడుగు రేటు చెబుతారు. రెండో షిఫ్టు రాత్రి పదింటికి దిగినవాడికి ఇంటికి బండి ఉందా? అది చెప్పరు. సీజను టికెట్టు, స్టేషను దాకా ఆటో, పోయే నిద్ర, ఇవన్నీ కలిపితేనే అసలు రేటు.

నీటి సంగతి మరీ ముఖ్యం. కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. వెయ్యి అడుగులు దాటిన బోర్లున్నాయి, చాలాచోట్ల నీటిలో ఫ్లోరైడు. 2018 నుండి కె.సి. వ్యాలీ పథకం కింద చెరువులకు వదులుతున్నది బెంగుళూరు మురుగును శుద్ధిచేసిన నీరు. అది భూగర్భజలం పెంచటానికే, తాగటానికి కాదు. సైటును ఏప్రిల్‌లో చూడండి, ఇంటావిడను వెంటబెట్టుకు వెళ్ళండి. మేము చూసినంతలో మగవారు రోడ్డు చూసి మురిసిపోతారు, ఆడవారు కుళాయి ఎక్కడని అడుగుతారు. బిందె మోసేది ఎవరు మరి!

ఇక కాగితాలు. సాగుభూమిలో ఇల్లు కట్టాలంటే 1964 నాటి కర్ణాటక భూ రెవెన్యూ చట్టం 95వ సెక్షను కింద కన్వర్షన్ కావాలి. పంచాయతీ పరిధిలోదైతే ఈ-స్వత్తులో 9వ నంబరు ఫారం అడగండి. ఇ.సి. తీయించండి. ఖాతా పన్ను కోసమే, హక్కుపత్రం కాదు. అగ్రిమెంటు, పవరాఫ్ పట్టాలతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. రిజిస్టరైన క్రయపత్రమే కావాలి. బ్యాంకు అప్పివ్వనన్న సైటుకు మన ప్రావిడెంట్ ఫండు ఎందుకివ్వాలి?

ఆదివారం ఉదయం ఆఫీసు తెరిచే ఉంటుంది. అడ్వాన్సు ఇవ్వకముందే రండి. ఒరిజినల్ వద్దు, జిరాక్సు చాలు.