పాడినోడికి పేరుండదా? అరివు 'తెరుక్కురల్' విని మన సిలబస్‌ను అడుగుతున్న ప్రశ్న

మిత్రులారా, ఈసారి ఒక ఆల్బమ్ గురించి. గొడవ మాత్రం మన తెలుగు శాఖలతోనే.

ఆల్బమ్ పేరు 'తెరుక్కురల్'. 2019లో వచ్చింది. రాసి పాడినవాడు అరివు, సంగీతం ఆఫ్రో. అరివుది అరక్కోణం, మన సరిహద్దు పక్కనే. 2017లో చెన్నైలో పా.రంజిత్, టెన్మా మొదలుపెట్టిన 'కాస్ట్‌లెస్ కలెక్టివ్' బృందంలో పాడినవాడు.

హిందూపురంలో పాటంటే సినిమా పాటే. 1985లో ఎన్టీఆర్‌ను, 2014 నుంచి వరసగా బాలకృష్ణను గెలిపించుకున్న ఊరు కదా. ఇక్కడికి పెనుకొండ నుంచి రైల్లో వచ్చి చదువుకునే మా విద్యార్థి ఒకడు ఈ ఆల్బమ్ నాకు వినిపించాడు. "సార్, వీడు మనోడే" అన్నాడు. వాడికి తమిళం రాదు. నాకూ అంతంత మాత్రమే. కానీ బతిమాలే గొంతుకూ నిలదీసే గొంతుకూ తేడా పట్టడానికి నిఘంటువు అక్కర్లేదు.

పేరులోనే పోరాటముంది. తిరుక్కురళ్ తమిళుల మహాగ్రంథం. అందులో 'కురళ్' అంటే రెండు పాదాల పద్యం. 'కురల్' అంటే గొంతు. ఇతను 'తిరు' తీసేసి 'తెరు' పెట్టాడు. తెరు అంటే వీధి, మన 'తెరువు'కు చుట్టం. పవిత్రమైన పద్యం పోయి వీధి గొంతు వచ్చింది. అందులో స్నోలిన్ పేరుతో ఒక పాటుంది. 2018 మే 22న తూత్తుకుడిలో స్టెరిలైట్ వ్యతిరేక ఉద్యమం మీద జరిగిన పోలీసు కాల్పుల్లో చనిపోయిన అమ్మాయి. పత్రికల్లో '13 మంది మృతి' అని అంకెగా మిగలాల్సిన బిడ్డను పేరు పెట్టి పిలిచాడు. ఈ ఆల్బమ్ నాకు నేర్పిన మొదటి పాఠం అది. పేరు పెట్టి పిలవడమే రాజకీయం.

అట్లా పిలిచినవాడి పేరుకే తర్వాత ఏం జరిగిందో చూడండి. 2021 మార్చిలో 'ఎంజాయ్ ఎంజామి' వచ్చింది. శ్రీలంక తేయాకు తోటల్లో కూలి చేసి తిరిగొచ్చిన అవ్వ వల్లియమ్మాళ్ కథను అరివు ఆ పాటలో పెట్టాడు. కోట్లమంది విన్నారు. ఆ ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ధీ ఉంది, షాన్ విన్సెంట్ డి పాల్ ఉన్నాడు. అరివు లేడు. పా.రంజిత్ నిలదీశాక, అందరూ గొడవ చేశాక, అతనికి విడిగా డిజిటల్ ముఖచిత్రం వేశారు. పాటలో ఎవరి వాటా ఎంత అన్నది వాళ్ల మధ్య వివాదం, ఆ తీర్పు నేను చెప్పను. కానీ పాట రాసినవాడు లేకుండానే ఆ పాట ముఖచిత్రం తయారైపోతుందంటే, ఆ కన్ను ఏం చూడటానికి అలవాటు పడిందో అర్థం కావడం లేదా?

ఆ కన్ను మన దగ్గరా ఉంది. జానపదం అంటే 'అజ్ఞాత కర్తృకం' అని మనం ఎమ్మేలో బట్టీ పట్టాం. బిరుదురాజు రామరాజు గారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' లాంటి శ్రమ లేకపోతే ఎన్నో పాటలు మట్టిలో కలిసేవి. ఆ శ్రమకు దండం. కానీ కర్త అజ్ఞాతం ఎవరికి? మన వాడలో ఏ పాట ఏ అవ్వ కట్టిందో వాడంతటికీ తెలుసు. అడగనివాడికే తెలీదు. నేను పీహెచ్‌డీ చేసేటప్పుడు పాడినవాళ్ల పేర్లు అధ్యాయాల్లోనే ఉండాలంటే, "వాళ్లు సమాచార దాతలు, అనుబంధంలో వెయ్యి చాలు" అన్నారు ఒక పెద్దాయన. పాట ఇచ్చినవాళ్లు సమాచార దాతలట. దాన్ని రాసుకున్నవాళ్లు పండితులట!

పట్నంలో గిటారు పట్టుకుని సొంత పాట పాడితే 'ఇండీ ఆర్టిస్ట్'. తప్పెట పట్టుకుని సొంత పాట పాడితే 'జానపదం'. ఇండీ అంటే కంపెనీ దయ లేకుండా తన పాట తాను కట్టి పాడుకోవడమే అయితే, గద్దర్, గూడ అంజయ్య ఎవరు? గోరటి వెంకన్నకు 2021లో 'వల్లంకి తాళం' మీద సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పాట సాహిత్యమేనని ఒప్పుకోవడానికి అంత కాలం పట్టింది.

"ర్యాప్ మన సంస్కృతి కాదు" అనేవాళ్లకు ఒక మాట. హార్మోనియం యూరప్ నుంచి వచ్చింది. పద్యనాటకాన్ని ఎవరూ విదేశీ సరుకు అనలేదే? ర్యాప్ న్యూయార్క్ బ్రాంక్స్‌లో నల్లవాళ్ల వాడల్లో పుట్టింది. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ బ్లాక్ పాంథర్ల పేరు తెచ్చుకున్నారు. వాడకూ వాడకూ చుట్టరికం పాతదే.

ధర్మవరం పట్టుచీర పెట్టె మీద షాపు పేరుంటుంది, నేసినోళ్ల పేరుండదు. పెనుకొండ కోట చూపించి రాజుల పేర్లు చెబుతారు, రాళ్లు మోసినోళ్ల పేర్లు చెప్పరు. పాటకు కూడా అదే గతి పడితే రేపు ఎవరైనా సినిమాకు ఎత్తుకుపోయినా అడిగే హక్కుండదు. పేరు పోతే హక్కు పోతుంది, హక్కు పోతే కూలి పోతుంది.

అందుకే విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ మూడు ఊర్లలో, చుట్టుపక్కల పల్లెల్లో, మీ అవ్వలు, మామలు పాడే పాటలు ఫోన్లో రికార్డు చేయండి. ముందు వాళ్ల అనుమతి అడగండి. ఎవరు కట్టారు, ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ తేదీ, నాలుగూ రాయండి. కట్టినోళ్లు ఎవరో వాళ్లూ చెప్పలేకపోతే ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయండి. ప్రాజెక్టులో ఆ పేర్లు మొదటి పేజీలో ఉండాలి. అనుబంధంలోకి తోస్తే ఒప్పుకోకండి. నా దగ్గరికి తెచ్చే ప్రాజెక్టులకు ఈ ఏడు నుంచి ఇదే షరతు.

జై భీమ్.