ద్వేషమునకు గోడలు గట్టిన దెవరు?

ఫ్రెంచి చలనచిత్రములలో 1995వ సంవత్సరమున వెలువడిన 'లా ఏన్' సుప్రసిద్ధము. ఆ పేరునకు ద్వేషమని యర్థము. దర్శకుడగు మాథ్యూ కస్సోవిట్జునకు ఆ యేటి కాన్ ఉత్సవమున ఉత్తమ దర్శకుని బహుమాన మొసగబడినది. నాటి ప్రధానమంత్రి ఆలెన్ జుప్పే తన మంత్రివర్గమునకు దీనిని ప్రత్యేకముగ జూపించెను. చూచిన పిమ్మట నేమి చేసిరన్నదే మా ప్రశ్న.

శివారనగానే మనలో పలువురకు తోటలును బంగళాలును స్ఫురించును. పారిసు శివారులు వేరు. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇండ్లకరవు తీర్చుటకై ప్రభుత్వమువారు నగరము వెలుపల అంతస్తులపై నంతస్తులుగ కాంక్రీటు భవనముల నెత్తిరి. కర్మాగారములలో పనికై అల్జీరియా, మొరాకో మొదలగు దేశములనుండి కూలీలు వచ్చిరి. 1973 తరువాత కర్మాగారములు మందగించెను, పనులు పోయెను, జనులు మాత్ర మా గోడల నడుమనే మిగిలిరి. వారి బిడ్డలు స్వేచ్ఛ, సమానత్వము, సౌభ్రాత్రము అను మూడు మాటలను బడిలో వల్లించిరి. వీథిలో పోలీసువాని చేతిబరువు నెరిగిరి.

1993లో పారిసు ఠాణాలో పదునేడేండ్ల యువకుడొకడు పోలీసు తుపాకికి బలియగుటయే ఈ చిత్రమునకు ప్రేరణము. కథ యొక్క దినమున ముగియును. యూదుడగు విన్జ్, నల్లజాతివాడగు యూబేర్, అరబ్బగు సయీద్ ప్రాణమిత్రులు. పోలీసుల దెబ్బలకు వారి నేస్తమొకడు ఆసుపత్రిలో స్పృహతప్పి యుండును. అల్లరిలో పోలీసువాడు పోగొట్టుకొన్న పిస్తోలు విన్జునకు దొరకును. నేస్తము మరణించెనేని ఒక పోలీసువానిని చంపెదనని యతని ప్రతిన.

ఇట్టి చిత్రము దౌర్జన్యమునకు పురికొల్పునని యాక్షేపించువారు కడదాక చూడలేదని మా యనుమానము. నేస్తము మరణించును; శత్రువు చేతికి జిక్కును; కాని విన్జ్ కాల్చలేక పిస్తోలును యూబేరున కప్పగించును. ఆ పిమ్మటనే, నిరాయుధుడైన యతడు పోలీసువాని చేతిలో గూలును. ద్వేషమును విడిచినవానికి దక్కిన బహుమాన మిది. ఇంతకన్న కఠినమైన యభియోగపత్రము వేరొండు గలదా? ఒక లోపము మాత్రము చెప్పక తప్పదు: ఆ యిండ్ల తల్లులకును అక్కచెల్లెండ్రకును ఇందు చోటు మిక్కిలి కొద్ది. దుఃఖభారము మోయువారి గొంతు వినబడియున్న చిత్రము మరింత బలపడియుండెడిది.

చూచినవారు నేర్చుకొనిరా? 2005 అక్టోబరు 27వ తేదీన క్లిషీ-సూ-బువా శివారున, పోలీసులకు జడిసి విద్యుత్కేంద్రమున దాగిన బాలు రిరువురు మరణించిరి. వారములకొలది శివారులు మండెను. ప్రభుత్వమువారు వెలికిదీసిన యాయుధ మేది? అల్జీరియా ప్రజల నణచుటకై 1955లో జేసిన యత్యవసర శాసనమే! తాతలపై బ్రయోగించిన శాసనము మనుమలపైనను బ్రయోగింపబడినది. 2023 జూనున నాంతేరులో మరియొక పదునేడేండ్ల బాలుడు పోలీసు గుండుకు బలియయ్యెను.

దుకాణములు తగులబెట్టుటను మేము సమర్థింపము. ఆ మంటలలో గాలినది పేదవాని బండియే, పేదబిడ్డల బడియే. కాని లాఠీతో దెచ్చిన నిశ్శబ్దమును శాంతి యనుట యాత్మవంచన. ఇల్లిచ్చి గౌరవ మియ్యని రాజ్యము కట్టినది గృహము కాదు, బందెలదొడ్డి. వలసరాజ్యము సముద్రము దాటి వెడలిపోయినను, దాని చట్టము నగరద్వారమున గాపుండుట సాధ్యమే. పరపాలన రుచి యెరిగిన మనకు ఈ సంగతి వేరొకరు చెప్పవలసిన పనిలేదు.