గ్రేప్‌ఫ్రూట్ మంచిదే, మీరు వేసుకొనే మాత్రల మాటేమిటి?



గ్రేప్‌ఫ్రూట్ అనగానే మనలో చాలామంది ద్రాక్ష అనుకొంటారు. నిజానికి ఇది నిమ్మ జాతికి చెందిన ఫలం. మన పెరళ్ళలో కాచే పంపర పనసకూ, తీపి నారింజకూ సహజంగా ఏర్పడిన సంకరం. 18వ శతాబ్దంలో వెస్టిండీస్‌లోని బార్బడోస్ దీవిలో దీనిని మొదట గుర్తించారు. ఇప్పుడు మన నగరాల్లోని పెద్ద దుకాణాల్లోనూ కనిపిస్తున్నది. అమెరికాలో ఉన్న పిల్లల వద్దకు వెళ్ళిన పెద్దలకు ఉదయపు ఫలాహారంలో ఎదురవుతున్నది.

దీని గుణాలను ముందుగా చెప్పుకొందాం. ఇందులో దాదాపు 90 శాతం నీరే. 100 గ్రాముల పండులో సుమారు 40 కేలరీలు, 30 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటాయి. పొటాషియం, పీచు పదార్థం కూడా లభిస్తాయి. గులాబీ, ఎరుపు రంగు రకాల్లో లైకోపీన్ అదనం. రసం తీసి వడకట్టితే పీచు పోతుంది కనుక తొనలుగా తినడమే మేలు.

ఇక ఇది కొవ్వును కరిగిస్తుందన్న ప్రచారం 1930ల నాటి హాలీవుడ్ ఆహార నియమంతో మొదలైనది. ఆ నియమం పాటించినవారు బరువు తగ్గింది మొత్తం తిండి తగ్గించడం వలన. కొవ్వును కరిగించే శక్తి ఏ పండుకూ లేదు.

నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం వేరు. మనం మింగే కొన్ని మందులలో కొంత భాగాన్ని చిన్న ప్రేగు గోడలోని ఒక ఎంజైము విచ్ఛిన్నం చేస్తుంది. ఆ నష్టాన్ని లెక్కలోకి తీసుకొనే మోతాదు నిర్ణయిస్తారు. గ్రేప్‌ఫ్రూట్‌లోని ఫ్యూరానోకౌమరిన్లు అనే పదార్థాలు ఆ ఎంజైమును పనిచేయకుండా చేస్తాయి. అప్పుడు అదే మాత్ర రక్తంలో ఎక్కువ మోతాదుగా చేరుతుంది. కెనడాకు చెందిన డేవిడ్ బెయిలీ బృందం 1989లో ఫెలోడిపిన్ అనే రక్తపోటు మందును పరీక్షిస్తూ, మద్యం రుచి తెలియకుండా ఈ రసం కలిపినప్పుడు యాదృచ్ఛికంగా ఈ సంగతి బయటపడింది.

కొలెస్టరాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్ మీద ఈ ప్రభావం అధికం. అటోర్వాస్టాటిన్ మీద కూడా ఉంటుంది. మోతాదు పెరిగితే కండరాల నొప్పులు రావచ్చు. అరుదుగా కండరాలు దెబ్బతిని మూత్రపిండాలకు ముప్పు కలుగుతుంది. మూత్రపిండ మార్పిడి జరిగినవారు వాడే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఉదయం పండు తిని రాత్రి మాత్ర వేసుకొంటే చాలదా అని అడుగుతారు. చాలదు. ప్రేగు కొత్త ఎంజైమును తయారు చేసుకోవడానికి ఒకటి నుండి మూడు రోజులు పడుతుంది.

మన పంపర పనసలోనూ ఇవే పదార్థాలు ఉన్నాయన్నది మరువరాదు. అది పెరటి చెట్టు కాయ కదా, ఏమి చేస్తుందిలే అనుకోవద్దు.

ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసినన్నాళ్ళూ నేను రోగులను ఉప్పు గురించి, చుట్ట గురించి అడిగాను గాని పండ్ల గురించి అడిగినది తక్కువ. అది నా లోపమే. వైద్యుడూ, మందుల దుకాణం వారూ ఈ ఒక్క ప్రశ్న అడగడం అలవాటు చేసుకోవాలని, మాత్రల అట్టపై ఈ హెచ్చరిక తెలుగులో ఉండాలని నా అభిప్రాయం.

మందులేవీ వాడనివారు ఈ పండును నిశ్చింతగా తినవచ్చు. వాడేవారు మాత్రను తమంతట తాము మానవద్దు. పండును ఆపి, మీ వైద్యుని అడగండి. ప్రభావం పడని ప్రత్యామ్నాయ మందులు చాలావరకు ఉన్నాయి. విటమిన్ సి కోసమే అయితే బెంగ అక్కరలేదు. మన జామపండులో అది గ్రేప్‌ఫ్రూట్‌లో కంటె ఎన్నో రెట్లు ఎక్కువ.